పొయ్యి వెలిగించని టీచర్

మా టీచర్ పోయారన్న సంగతి నాకు జగిత్యాలలో, కాలేజీ మెట్ల మీద, ఫోన్‌లో తెలిసింది. పాత బడి పిల్లల గ్రూపులో ఎవరో ఆమె ఫొటో పెట్టి, కింద "పొద్దుగాల, గుండెపోటు" అని రాశారు. దాని కింద దండం పెట్టే బొమ్మలు వరసగా వచ్చిపడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టిన వెంటనే సిగ్గేసింది. నాకు మాటలంటే ఇష్టం పుట్టించిన మనిషికి ఒక్క మాటైనా రాయలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మేడిపల్లి దగ్గర మా ఊరి సర్కారు బడిలో ఆమె సైన్సు చెప్పేవారు. సొంతూరు గంభీరావుపేట. అమ్మానాన్నలకు గుంటెడు భూమి లేదు. కూలి చేసి చదివించారట. మేం రాసిన ప్రయోగాల కాగితాలు దిద్దేటప్పుడు తప్పుల కంటే ముందు మాటలు చూసేవారు. "నానబెట్టితిమి అని రాసినవ్. నువ్వు నానబెట్టినవా, పుస్తకం నానబెట్టిందా? చేసిన పని నీ నోటితోని చెప్పు" అనేవారు. నానడం అన్న మాటలో ఎంత ఓపిక ఉందో నాకు అప్పుడే తెలిసింది.

ఏటా చలి తగ్గే రోజుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలను ఊరవతల గుట్ట కిందికి, వాగు ఒడ్డుకు క్యాంపుకు తీసుకెళ్లేవారు. ఒక రాత్రి అక్కడే పడుకోవడం. పొయ్యి పెట్టేది లేదు, గ్యాసు లేదు, ఎవరి సంచిలోనూ అగ్గిపెట్టె కనబడకూడదు. గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క రవ్వ పడితే గుట్ట మొత్తం అంటుకుంటుంది అని చెప్పేవారు.

"పొయ్యి లేకుంటే ఏం తింటం టీచర్, గడ్డా?" అని మా బెంచీ అమ్మాయి అడిగింది.

"గడ్డి బర్లు తింటయి. నువ్వు బర్రెవైతే ముందే చెప్పు, కట్టేసే జాగ చూస్త."

తిండికి మాత్రం లోటు లేదు. ఇంటి దగ్గరే నానబెట్టి తడిబట్టలో మూటగట్టిన పెసలు క్యాంపుకు చేరేసరికి తెల్లటి మొలకలేసేవి. అవి ఏ పూటకా పూటే, మిగిలితే పారబోయాల్సిందే. అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లం, ఎండుకొబ్బరి, నిమ్మకాయలు, కీరకాయలు. బతుకమ్మకు చేసుకున్నట్టే మక్కలు వేయించి దంచిన సత్తుపిండి కూడా ఉండేది. కీర కోసే ముందు చేతులు, కత్తి, కాయ మూడూ కడగాలి, అదీ మందు వేసిన నీళ్లతోనే.

ఆ నీళ్ల పనే పెద్ద పని. వాగు నీళ్లు తెచ్చి, ఉతికిన నూలు బట్టను నాలుగు మడతలేసి వడగట్టేవాళ్లం. కాసేపు కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగేది. పైతేటను వేరే బిందెలోకి వంచి, ఆశా వర్కర్ ఇచ్చిన క్లోరిన్ గోళీ వేసి, మూత పెట్టి, అర్ధగంట ఆగాలి. ఆ అర్ధగంటలో ఎవరైనా మూత ముట్టుకుంటే టీచర్ గొంతు గుట్టకు తగిలి తిరిగొచ్చేది.

"తేటగనే ఉన్నయి గద టీచర్, తాగుత."

"తేటగ ఉంటె అయిపాయెనా? కడుపునొప్పిని తెచ్చేది కండ్లకు కనవడదు బిడ్డా. ఆగు."

"బాత్రూం కడిగిన వాసనొస్తుంది టీచర్."

"రానియ్యి. గా వాసన లేకుంటెనే నాకు భయం."

ఆమె పెట్టిన నియమం ఇంకొకటి ఉండేది. అందరి అటుకులూ ఒకే గిన్నెలో కలపనిచ్చేవారు కాదు. పొడి అటుకులు ఎవరి గిన్నెలోకి వాళ్లకు పంచేవారు. నీళ్లు చల్లుకోవడం, నిమ్మకాయ పిండుకోవడం ఎవరి చేత్తో వాళ్లే. అది శుభ్రత కోసమనుకున్నాను. శుభ్రత గురించి పరీక్షలో వ్యాసం కూడా రాశాను, మంచి మార్కులొచ్చాయి.

మా క్యాంపు రెండో రోజు పొద్దున మా నాన్న బండి మీద వచ్చారు. వెనక పెద్ద నీళ్ల క్యాను, చేతిలో టిఫిన్ గిన్నెల సంచి.

"టీచరమ్మా, మా పొల్లకు బయటి నీళ్లు పడయి. గీ క్యాను తనకు ఇడిశిపోత" అన్నారు.

"పడకపోతె నిన్ననే తెలుస్తుండె గదన్నా. రాత్రి రెండు గిన్నెలు తిన్నది మీ పొల్ల."

పిల్లలు కిసుక్కుమన్నారు. నాన్న మొహం మారింది. "అయితె ఎందుకులే. బిడ్డా, బండెక్కు, పోదాం" అన్నారు నాతో.

నేను కదల్లేదు. ఏడుపొస్తోంది. అప్పుడు టీచర్ క్యాను దగ్గరికి వచ్చి ఆగారు. "ఉండనియ్యన్నా, క్యాను ఉండనియ్యి. కని క్యాంపులకు వచ్చిన నీళ్లు ఎవరియైనా గోళీ పడాల్సిందే" అన్నారు.

"మా ఇంటి నీళ్లకా?"

"మీ ఇంటియైనా, వాగుయైనా."

టీచర్ గోళీల పట్టీ నాన్న ముందు రాయి మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగారు. గొంతు తగ్గించి, "మీరే వెయ్యిన్రి అన్నా. నేను ముట్ట" అన్నారు.

నాన్న గోళీ వేశారు. అర్ధగంట ఆగాలన్నారు కదా, రాయి మీద కూర్చొని ఆగారు కూడా. తర్వాత వెళ్లిపోయారు. నేను క్యాంపులో ఉండిపోయాను. సాయంత్రం మేం గుట్ట ఎక్కి, కనిపించినవాటన్నిటికీ పేర్లు పెట్టుకుంటూ దిగాం. నా మొదటి కవితలాంటిది ఆ రోజే రాసుకున్నాను.

మా ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు టీచర్ వాళ్ల కులం మనిషి చేతి నీళ్లు తాగరు. ఆ ఇళ్లలో మాదీ ఒకటి. పొడి అటుకులైతే ఎవరిచ్చినా తీసుకుంటారు, నీళ్లు పడ్డాక తినరు. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ టీచర్ నియమంతో కలిపి చూడలేదు. ఇంటర్‌లో ఉండగా ఒకసారి ఆమెనే అడిగాను, పొయ్యి ఎందుకు వద్దన్నారని. నవ్వారు.

"గడ్డి అంటుకుంటదని. ఇంకోటేందంటే, పొయ్యి పెడితె మీ ఇండ్లల్ల మొదలు అడిగేది ఎవరు వండిన్రు అని. పొయ్యే లేకపాయె, ఇగ ఎవరి పేరు చెప్తరు? పిల్లలను తోలిస్తరు. కని నీళ్ల కాడ దొరికిపోయిన. నీళ్లు లేకుండ క్యాంపు పెట్టరాదు గద."

టీచర్‌ను మట్టి చేసిన మర్నాడు నాన్నా నేనూ కోరుట్లలో బస్సెక్కి, సిరిసిల్లలో మారి, గంభీరావుపేట వెళ్లాం. వద్దామన్నది నాన్నే. "మస్తు మంచి మనిషి. పిల్లలను సొంతం లెక్క చూసింది" అని దారంతా అన్నారు. ఫొటో ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నారు. అవి దొంగ కన్నీళ్లు కావు. అందుకే నాకు ఇంకా కష్టంగా ఉంది.

ఇంటి ముందు టెంటు కింద నీళ్లు నింపిన మట్టి రంజన్ ఉంది. దాని పక్కన స్టీలు గ్లాసులు. వాళ్ల చుట్టాలు వచ్చి ముంచుకొని తాగుతున్నారు. గడప దగ్గర, కాస్త విడిగా, మూత సీలు తీయని నీళ్ల సీసాల డబ్బా ఒకటి తెరిచి పెట్టారు. టీచర్ కూతురు మమ్మల్ని చూసి, మేం ఏ ఊరివాళ్లమో విని, ఆ డబ్బాలోంచి రెండు సీసాలు తీసి తెచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. మాలాంటివాళ్లు వస్తారని, వచ్చి ఇబ్బంది పడతారని, ఇల్లంతా ఏడుస్తున్న రోజున ఎవరో గుర్తుపెట్టుకొని కొనుక్కొచ్చారు.

నాన్న సీసా తీసుకొని మూత తిప్పారు. నేను తీసుకోలేదు.

"నాకు గా రంజన్ల నీళ్లియ్యి అక్కా" అన్నాను.

ఆమె రంజన్ దగ్గరికి వెళ్లింది. గ్లాసు తీసుకొని మూత ఎత్తింది. అంతలో నా వెనకకు చూసింది. నేను తిరిగి చూడలేదు. నాన్న మొహం ఎలా ఉందో నాకు తెలుసు.

"వద్దురా, మళ్ల మీ ఇంట్ల లొల్లి అయితది" అంది మెల్లగా. గొంతులో కోపం లేదు. వాళ్లమ్మ గొంతే అది.

గ్లాసు బోర్లించి, ఎత్తిన మూతను చప్పుడు కాకుండా మళ్లీ రంజన్ మీద పెట్టింది.