లోయ అడుగున అత్తవారిల్లు

బుద్ధున్నవాడెవడైనా కొత్త దారిలో పరుగుకి దిగేముందు వాలెంత, రాళ్ళెలాంటివి, నీళ్ళెక్కడ దొరుకుతాయి అని అడుగుతాడు. నేనూ అడిగాను. కాగితం మీద రాసుకున్నాను కూడా. అడగాల్సిన ఒక్క ప్రశ్న మాత్రం తట్టలేదు: ఆ లోయ అడుగున ఉన్నది ఎవరి అత్తవారి ఊరు? ఆ తెలివితక్కువతనానికి నేను చెల్లించిన మూల్యం సుమారు ఒక కోడి.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఉద్యోగం విజయనగరంలో, కుర్చీలో. నా స్నేహితుడు గరివిడి వైపు ఒక బడిలో డ్రిల్లు మాస్టారు. మా మధ్య చుట్టరికమేమీ లేదు, అయినా చిన్నప్పట్నుంచీ బావా అంటే బావా.

పోయినేడాది శృంగవరపుకోట పైనున్న కొండల్లో ఇద్దరం ఒక వాలు దిగి, తిరిగి ఎక్కబోయాం. దిగడం దిగాను. ఎక్కడం మాత్రం అనాసపళ్ళ జీపు ఎక్కడంతో సరిపెట్టాను. పళ్ళ బుట్టల మధ్య ఇంకో బుట్టలా కూర్చున్న నన్ను మావాడు ఫొటో తీసి, పొద్దున్నపూట మైదానంలో మాతో నడిచే పదిమందికీ చూపించాడు. ఆ రోజు నుంచి నేను బూట్ల తాళ్ళు కట్టుకుంటే చాలు, "ఏటి, జీపొచ్చీసిందా?" అని ఎవరో ఒకరు. పైకి నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చి మేడమెట్లు ఎక్కుతుంటే ఆ మాట మోకాళ్ళలో గుచ్చుకునేది. ఒక్కసారి, దిగిన లోయని నా కాళ్ళతోనే ఎక్కి రావాలి. ఏడాదంతా నాకున్న కోరిక అదొక్కటే.

"ఈసారి దారిలో జీపు కనబడని చోటు చూడు బావా," అన్నాను.

"ఉన్నాది. గెడ్డ పక్కనుంచి కాలిబాట. తొమ్మిది కిలోమీటర్లు దిగడం, తొమ్మిది ఎక్కడం. అడుగున ఊరున్నాది, నీళ్ళకి లోటు నేదు," అన్నాడు. ఊరు పేరు చెప్పాడు. బంధుత్వం చెప్పలేదు.

చలికాలంలో ఒక రెండో శనివారం, తెల్లవారుతుండగా కొండమీది టీకొట్టు దగ్గర బండి పెట్టి దిగడం మొదలెట్టాం. రెండు పక్కలా కొండలు నిటారుగా లేచి, మధ్యలో మా బాట ఎంత ఇరుకంటే ఒకరి వెనక ఒకరు తప్ప వెళ్ళలేం. ఎడమవైపు లోతులో గెడ్డ నీళ్ళు పారుతున్న చప్పుడు. మంచుకి తడిసిన రాళ్ళు కాలు పెట్టగానే పక్కకి తప్పుకుంటున్నాయి, అప్పులవాణ్ణి చూసినట్టు. దిగుడు దిగులు లేకుండానే సాగింది. రెండు గంటల్లో కొండల నోరు తెరుచుకుని కోతకొచ్చిన వరిచేలు కనిపించాయి. ఆ ఊపులో అలాగే పరుగెత్తుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాం.

"ఒలమ్మో! ఆలింటల్లుడు పరిగెత్తుకొస్తన్నాడర్రా! ఎవులికేటైనాదో!" చేలోంచి ఒకావిడ కేక.

మా వైపు పల్లెల్లో మీసాలొచ్చినవాళ్ళు ఊరికే పరుగెత్తరు. పరుగెత్తారంటే ఎవరి ప్రాణం మీదికో వచ్చినట్టే. చేలో కొడవళ్ళు వదిలేసి నలుగురు మా వెనక పరుగందుకున్నారు. మేం ఆ ఇంటికి చేరేసరికి వాకిట్లో ఒక పెద్దావిడ అప్పటికే గుండెలు బాదుకుంటోంది.

"నా కూతురికేటైనాది బాబూ!"

"ఏటీ అవలేదత్తా. ఊరికే పరిగెత్తేం."

"ఊరికేనా?" ఏడుపు ఆపి నా వైపు తిరిగింది. "ఈ బాబెవులు? ఈ బాబుక్కూడా పనేటీ నేదా?"

నేను మావాడి చెవిలో పళ్ళు నూరాను. "అత్తారిల్లని చెప్పలేదేం?"

"సెప్తే వస్తువేటి?"

రానని వాడికి తెలుసు. అల్లుడు గుమ్మం తొక్కాక కోడి కొయ్యకుండా పంపిస్తే ఆ అత్తగారు ఊళ్ళో తలెత్తుకోలేదు. అల్లుడితో వచ్చినవాడికీ అదే మర్యాద. ఆవిడ కోడి కోసం పెరట్లోకి నడవబోతుంటే మావాడు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"నాకీయేల శనోరం కదత్తా, ఉపాసం. రెండరటిపళ్ళు, గలాసుడు పాలు సాలు. మావోడికలాంటివేటీ నేవు. ఆడికి బాగా పెట్టు."

శనివారం వాడు మాంసం మానడం నేను పుట్టి ఎరగను. అరటిపళ్ళూ పాలూ అంటారా, పరుగెత్తేవాడు కోరి తినేవే అవి. భక్తి పేరుతో వాడు దమ్ము కూడగట్టుకున్నాడు. నా ముందు ఆకు వేశారు.

కోడి ఉడకడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో నా పిక్కలు కొయ్యబారిపోయాయి. కొత్తబియ్యం అన్నం, పైన పులుసు. అంత రుచైన కూర అంత కోపంగా ఎప్పుడూ తినలేదు. మూడోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ళ సందుల్లోంచి పోసింది.

"తినీ బాబూ. అల్లుడి వంతు కూడా నువ్వే తినీ. కొండెక్కాల గదా!"

తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే ఆవిడే అంది: "మా పెద్దోడి జీపు అవతల రోడ్డంట పైకెల్తన్నాది. ఎక్కీండి."

వాకిట్లో జీపు నిలబడి ఉంది. ఫొటో తియ్యడానికి మావాడు ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టాడు. నేను వంగి బూట్ల తాళ్ళు బిగించుకున్నాను. ఆ కడుపుతో వంగడమే సగం కొండ ఎక్కినంత పని.

మొదటి కిలోమీటరులోనే పరుగు నడకైంది. రెండోదానిలో నడక పాకుడైంది. ఎండ నెత్తికెక్కింది, నేనింకా కొండెక్కలేదు. మావాడు ముందు మలుపులో బండమీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"బావా, జీపు సప్పుడు ఇనబడతన్నాదేటి?"

"నోర్ముయ్."

"కేకేస్తే ఆగుతాది."

మాట్లాడితే ఊపిరి దండగ. తల వంచుకుని నా బూటు ముందరి రాయినే చూశాను. అది దాటాక దాని తర్వాతి రాయి. పైకి చూస్తే కొండ పెరుగుతోంది. కిందికి చూస్తే ఎక్కిందంతా మళ్ళీ దిగాలనిపిస్తోంది. గెడ్డ దాటే చోట మొహం నీళ్ళలో ముంచి, లేచి నిలబడబోతే తొడలు పట్టేశాయి. అక్కడే రాయి మీద బోర్లా పడుకుని, ఇక్కణ్ణుంచి లేవకపోతే ఏమవుతుందని నిజంగానే ఆలోచించాను. ఏమీ కాదు. మైదానంలో ఇంకో ఏడాది.

లేచాను.

మావాడు వెనక్కి దిగొచ్చి చెయ్యందించాడు. ఈసారి వెక్కిరింత లేదు. "పట్టుకో బావా."

"వద్దు. పట్టుకుంటే నువ్వెక్కించినట్టు."

చివరి మూడు కిలోమీటర్లు మావాడు నా వెనకే వచ్చాడు. టీకొట్టు బల్ల మీద చెయ్యి వేసేసరికి మూడు దాటింది. కాళ్ళు నావి కావనిపించింది. కానీ ఎక్కినవి అవే.

మావాడు నా ఫొటో తీసి, పొద్దుటి నడక జట్టుకి వాడి చేత్తో వాడే పంపాడు. తర్వాత కొట్టువాడికి రెండు ప్లేట్లు మిరపకాయ బజ్జీలు చెప్పి, మొహం కడుక్కోడానికి వెళ్ళాడు. బల్ల మీద వాడి ఫోన్ మోగింది. అత్తగారు. తీశాను.

"సేరిపోనారా బాబూ? మా అల్లుడు ఉపాసంతోటి సోలిపోనాడేటి?"

"లేదమ్మా, బాగానే ఉన్నాడు. ఏడాది పాటు ప్రతి శనివారం ఉంటానని మొక్కుకున్నాడు కదా, అలవాటైపోతుంది. ఇంట్లో చెప్పడానికి మొహమాటపడుతున్నాడు. మీరే అమ్మాయికి ఓ మాట చెప్పి, ఒక్క శనివారం కూడా మొక్కు తప్పకుండా చూసుకోమనండి."

"నా తండ్రే! ఇప్పుడే సెప్తాను."

మావాడొచ్చి బల్ల ముందు కూర్చుని బజ్జీ తుంచాడో లేదో మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి వాడి భార్య. వింటూంటే వాడి మొహంలో రంగులు మారాయి.

"ఎవులు సెప్పేరు... అత్తా?... ఏడాదా?" నా వైపు చూశాడు. నేను కొండవైపు చూశాను. "అవును... మొక్కే... లేదు, లేదు, ఏటీ తిన్నేదు."

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, తుంచిన బజ్జీతో సహా రెండు ప్లేట్లూ నా ముందుకు తోశాడు. నా కడుపులో ఆవగింజకి కూడా చోటు లేదు. అయినా ఒకటి తీసుకుని, వాడి కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా నమిలాను.