ఆరు పడితే

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి ఆఫీసులో చేరాక నాకు వంటబట్టిన దిక్కుమాలిన విద్య ఒకటే. ప్రోగ్రామ్ నడిపి చూడకుండానే పరీక్షల షీట్‌లో 'పాస్' అని నింపేయడం.

కృష్ణానగర్‌లో ఉండే స్నేహితుడు ఒక్కడే కూర్చుని దయ్యాల కంప్యూటర్ గేమ్ చేశాడు. బొమ్మలు చూస్తూ కథ చదవాలి, కథ ఎటు తిరగాలో పాచికలో పడ్డ అంకె చెబుతుంది. ఆడి చూసి తప్పులుంటే చెప్పమని నాకిచ్చాడు. రెండు పేజీలు చదివి, షీట్‌లో వరుసలన్నీ 'పాస్' కొట్టి పంపాను.

పంజాగుట్టలో చాయ్ తాగుతూ అడిగాడు. "ఆరు పడ్డంక భయమైందా అన్నా?"

"మస్తు భయమైంది," అన్నాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. "ఆరు పడితే గేమ్ ఆగిపోతదన్నా. ఎందుకో నాకు సమజ్ కాకనే నీకిచ్చిన."

అతని ముందు నా షీట్ ఉంది. ప్రింట్ తీయించి, నేను చెప్పేవి రాసుకుందామని పెన్ను కూడా తెచ్చుకున్నాడు.