రత్నాలు కట్టించిన బీమా

అరకు రైలుదారిలో టైడా స్టేషన్‌కి పైన, కొండమీది ఊళ్ళో రత్నాలుకి కొంచెం కాఫీ తోట, కాస్త సామచేను ఉన్నాయి. 2002లో ఆమె భర్త సుక్రుకి కడుపులో పేగు కుళ్ళి విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. మనిషి దక్కాడు గాని ఎడ్లజత అమ్ముడుపోయింది. ఆ ఏడు మొగుడూ పెళ్ళాం పారలతోనే చేను తవ్వుకున్నారు. ఇంకోసారి ఇలా కాకూడదని రత్నాలు పట్టుబట్టింది.

సంతలో కిరాణా కొట్టు సత్యనారాయణ ఒక బీమా కంపెనీకి ఏజెంటు కూడా. ఆమె వెళ్ళి అతణ్ణి అడిగింది.

"ఒక్క ఇంటికైతే నువ్వు కట్టలేవమ్మా," అన్నాడతను. "వంద ఇళ్ళు కలిసి వస్తే మాత్రం ఇంటికి ఏడాదికి రెండు కోళ్ళ ఖరీదు. ఆస్పత్రి ఖర్చు కంపెనీదే."

ఆమె ఊళ్ళో ముప్పై ఇళ్ళయినా లేవు. కాఫీ పళ్ళు అమ్ముకుని జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు చూసుకుని, పక్క కొండల మీది ఊళ్ళన్నీ తిరిగింది. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. అందరికన్నా గట్టిగా అడ్డుపడింది సొంత ఊరి పెద్ద బుధు.

"రోగం రాకముందే డబ్బులు కట్టడమేటే? దాన్ని పిలిసి పీటేసినట్టే కదా!"

"వానొచ్చేక ఇల్లు కప్పుతావేటి మావా? ముందే కదా కప్పుకుంతాం."

బుధు ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఆ మాట విన్న అతని కోడలు కనక మాత్రం, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్మిన డబ్బుతో ఇంటిల్లిపాదికీ బీమా కట్టేసింది. మామకు చెప్పలేదు. మరో నెలకు వంద ఇళ్ళూ పూర్తయ్యాయి.

వానాకాలంలో బుధు జీలుగు కల్లు దించబోయి చెట్టుమీంచి జారిపడ్డాడు. తుంటి విరిగింది. డోలీ కట్టి టైడా దాకా మోసి, కిరండోల్ పాసింజరులో విశాఖపట్నం తీసుకెళ్ళారు. రత్నాలూ, బీమా కార్డు పట్టుకుని కనకా వెంట వెళ్ళారు. ఆస్పత్రి కౌంటరులో మనిషి ఆ కార్డు తిప్పి చూసి, ఇలాంటిది తానెప్పుడూ ఎరగనన్నాడు. ముందు డబ్బు కట్టమన్నాడు.

"కార్డు మీద నంబరుంది బాబూ. ఫోన్ సెయ్యండి," అంది రత్నాలు.

"ఈ వేళప్పుడు ఎవరూ ఎత్తరమ్మా."

"ఎత్తీదాకా సెయ్యండి. మేం ఎక్కడికీ ఎల్లం."

కౌంటరు పట్టుకుని అక్కడే నిలబడింది. లోపల భయంగానే ఉంది. ఇది నిజం కాకపోతే ఇన్ని ఊళ్ళకీ ముఖం ఎలా చూపించాలి? చాలాసేపటికి అవతల ఎవరో ఎత్తారు. కౌంటరు మనిషి "సరే సార్, సరే సార్" అంటూ విని, ఫోన్ పెట్టేసి స్ట్రెచర్ కోసం కేకేశాడు. రత్నాలు అక్కడే నేలమీద చతికిలబడి కనకను పట్టుకుని నవ్వేసింది.

బుధు కర్ర ఊతంతో నడుస్తూ ఊరు చేరాడు. గొడ్డు అమ్ముడుపోలేదు, చేను తాకట్టు పడలేదు. మరుసటి కాఫీ కోతలకు రత్నాలు ఊళ్ళ మీదికి బయల్దేరితే అతనే ముందు నడిచాడు. ప్రతి గుమ్మం ముందూ పంచె పక్కకు తీసి తుంటిమీది కుట్ల మచ్చ చూపించి, "బేగి కట్టండర్రా!" అని గదమాయించాడు.

ఆ ఏడు బీమా కట్టిన ఇళ్ళు మూడింతలయ్యాయి. కంపెనీ ఆఫీసరు తనే కొండెక్కి వచ్చాడు. రత్నాలు అతనికి కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఊళ్ళ ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"పురుళ్ళ ఖర్చు కూడా బీమాలో కలపండి సారూ. లేపోతే ఇంకో కంపెనీని సూసుకుంతాం."

ఆఫీసరు చుట్టూ ఉన్న ఆడవాళ్ళని చూశాడు. ఒక్కరూ కదల్లేదు.

"కలుపుదాం," అన్నాడు.