ఎస్టిమేటులో లేని మోకు

"మా నవత గీ కుంటల పడితే ఎట్ల పెద్దమ్మా? పైకెక్కే జాగ యాడున్నది?"

కొత్త కుంట గట్టు మీద నిలబడి మొగిలవ్వను అడిగింది రాధిక. చంకలోని మూడేళ్ల నవత దిగుతానని కాళ్లు కొట్టుకుంటోంది. రాధిక ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. అందరికీ కుంటలో నీళ్లు కనిపిస్తే ఆమెకు వాలు కనిపించింది. వాలు మీద నల్ల ప్లాస్టిక్ షీటు, షీటు మీద పాచి. పెద్దమనిషి పడినా గోళ్లతో గీరుకోవడమే తప్ప పైకి రాలేడని లెక్క కట్టింది. రెండు రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు. వాళ్ల ఇల్లు కుంటకు దగ్గర్లోనే, రోడ్డుకు ఇవతలే.

కుంట మొగిలవ్వది. కాగితం మీదైతే ఆమె భర్త రాజంది. రాయికల్ దగ్గరి ఈ ఊళ్లో రాజం తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. పొలంలో మూడు బోర్లు వేస్తే మూడూ దుమ్మే పోశాయి. నాలుగోది వేసే బదులు మస్కట్ విమానమెక్కాడు. ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లూ మొగిలవ్వ పొద్దున మడిలో, మధ్యాహ్నం బీడీల చాట ముందు గడిపింది.

అన్ని వానలూ వాగు పాలయ్యాక, వాననీటిని పొలంలోనే ఆపే రైతుకు సబ్సిడీ ఇవ్వాలని సర్కారుకు తోచింది. సంతోషం. పల్లంలో తవ్వితే నీళ్లు వాటంతటవే వస్తాయని మొగిలవ్వ చెప్పింది. పల్లంలోకి జీపు పోదని ఆ స్కీము చూసే ఆఫీసరు సారు రోడ్డు పక్కన తవ్వించాడు. స్కీము బోర్డు కూడా అక్కడైతేనే నలుగురికీ కనిపిస్తుందట. నీళ్లకు బోర్డు చదివేంత చదువు లేదు కాబట్టి, మొగిలవ్వే గుట్ట కింది నుంచి కాలువ తీసి వాటిని అక్కడికి తోలుకొచ్చింది. కంచె సంగతి అడిగితే, "అది వేరే స్కీమమ్మా, ఇంకా గైడ్‌లైన్స్ రాలే" అన్నాడు సారు.

రాధిక మాట విని మొగిలవ్వ ఇంటికి పోయి దూలానికి వేలాడుతున్న రెండు మోకులు దింపింది. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే తాళ్లవి. ఒకటి మామది, ఒకటి రాజంది. రెంటినీ కలిపి, జానకొక ముడి వేసి, గట్టు మీద పాతిన రాతి కడీకి కట్టి నీళ్లలోకి వదిలింది. మిగతా మూడు వైపులా బోరు మోటార్ల కోసం కొన్న తాళ్లు కట్టింది. పాపం, అవి నీళ్లు చూడటం అదే మొదలు.

వారానికి సారు ఫోటో తీయడానికి వచ్చాడు. ఆ ఫోటో ఆన్‌లైన్‌లో ఎక్కితేనే సబ్సిడీ ఆఖరి బిల్లు వస్తుంది. షీటు కొనడానికి మొగిలవ్వ అప్పటికే చెవి కమ్మలు అమ్మింది.

"పట్టాదారు ఏడి అవ్వా?"

"మస్కట్ల ఉన్నడు."

"ఫోటోల ఆయిననే ఉండాలె."

"ఉంటడు తియ్యిండ్రి" అంటూ మొగిలవ్వ వీడియో కాల్ చేసి, ఫోన్ ఎదకు ఆనించుకుని నిలబడింది. హెల్మెట్‌తో రాజం నవ్వాడు. సారు దానికి ఒప్పుకున్నాడు. తాళ్లకే ఒప్పుకోలేదు.

"గివి ఎస్టిమేట్ల లెవ్వు. ఇప్పెయ్యి. లేకుంటే బిల్లు ఆగుతది."

తన భయం వల్ల ఈమె బిల్లు పోతుందేమోనని రాధిక ముఖం చిన్నబోయింది. "ఫోటో అయ్యేదాక ఇప్పరాదు పెద్దమ్మా, మళ్ల కడుదం."

"ఆగు బిడ్డా. సారూ, మీరు ఒక్కపారి దిగి, తాడు ముట్టకుంట ఎక్కి సూపెట్టుండ్రి. గప్పుడు ఇప్పేస్త."

"దిగుండ్రి సార్, నేను గూడ సూస్త!" అన్నాడు ఫోన్‌లోంచి రాజం.

సారు షీటును చూశాడు, తన బూట్లను చూసుకున్నాడు. తాళ్లతో సహా ఫోటో తీసుకుని జీపెక్కాడు.

ఆ తర్వాత కుంట రెండుసార్లు నిండింది. బిల్లు మాత్రం పరిశీలనలో ఉంది. ఆ డబ్బు అందక, ఇంటికి రావాల్సిన రాజం ప్రయాణం ఇంకో ఏడాది వాయిదా పడింది. ఆ సంగతి విని రాధిక తప్పు చేసినదానిలా బీడీల చాట ముందు కూర్చుంటే, మొగిలవ్వ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే ఒక మాట అన్నది. ఆ మాట రాధిక మరిచిపోలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం కూతురి నడుము పట్టుకుని కుంట అంచుకు దిగుతుంది. పిల్ల తాడు పట్టుకుని ముడి ముడికీ చెయ్యి మారుస్తూ పైకెక్కుతుంది.

మొగిలవ్వ అన్నది ఇదీ: "ఎన్నేండ్లని సంకనేసుకొని కాస్తవు బిడ్డా? పడతవు పడతవని పోరిని బెదిరిచ్చుడు బంద్ వెట్టు. పడితే తాడెట్ల పట్టాల్నో నేర్పు."