మా కోడలు పూడ్చిన పగులు

మా కోడలు బేకరీలో కేకుల మీద క్రీము పూస్తుంది. ఆ సంబంధం నేను చూసింది కాదు. మా అబ్బాయి ఇష్టపడ్డాడు, సరేనన్నాను. ఇప్పుడు మాత్రం ఆ పిల్లను ఏరికోరి తెచ్చుకున్నది నేనేనని అందరి దగ్గరా కోతలు కోస్తున్నాను. కొయ్యకూడదా?

మా ఆయన సీలింగు మేస్త్రి. జీవితమంతా చేతులు పైకెత్తి వాళ్ళ ఇళ్ళకీ వీళ్ళ ఇళ్ళకీ ప్లాస్టర్‌బోర్డులు బిగించాడు. చివరికి ఆ చేతులు భుజాల పైకి లేవకుండా పోయాయి. సరిగ్గా అప్పుడే మా ముందుగదిలో, రెండు బోర్డులు కలిసేచోట, గోడ నుంచి ఫ్యాను దాకా పగులు విచ్చుకుంది. బయటి మేస్త్రిని పిలుద్దామంటే ఇంతెత్తున లేచాడు. తన ఇంటి సీలింగు మీద ఇంకో మేస్త్రి చెయ్యి పడితే తల ఎక్కడ పెట్టుకోవాలట! అప్పట్నుంచి ఎవరొచ్చినా గుమ్మం బయటే కుర్చీ వేసేవాడు. పాపం, చలికి వణుకుతూ టీ తాగి వెళ్ళిపోయేవారు. ఆయనా వాళ్ళతోపాటే వణికేవాడు. కొన్నాళ్ళకి అందరూ రావడమే మానేశారు. నలుగురితో మాట్లాడకపోతే ఊపిరాడని మనిషి, ఒక్కడే కూర్చుని ఆ పగులు వంక చూస్తుండేవాడు.

మా అబ్బాయి సంగతంటారా, వాడికి నిచ్చెన మూడో మెట్టు మీదే కళ్ళు తిరుగుతాయి. ఒక సెలవునాడు కోడలే నడుం బిగించింది. పగుల్లో లప్పం కుక్కి రంగేసింది. వారం తిరక్కుండా మళ్ళీ విచ్చుకుంది.

"బోర్డే కదులుతుంటే పైపూత ఏం ఆగుతుంది?" అన్నాడు మా ఆయన, గోడతో చెప్పినట్టు.

"అయితే మీరు నోటితో చెప్పండి మామయ్యా. చేతులు నావి."

"నా శిష్యులే నా నోటికి జడిసి పారిపోయారు."

"మా బేకరీ ఓనరు నోరు మీరు వినలేదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు గానీ కుర్చీ నిచ్చెన దగ్గరికి లాక్కున్నాడు.

పాత లప్పం గీకేసింది. వదులైన బోర్డుకి స్క్రూలు బిగించింది. పగులు పొడుగునా కాగితం టేపు అంటించి, అలవాటు కొద్దీ కేకు మీద క్రీములా లప్పం దట్టంగా పట్టించింది.

"ఎవరి పుట్టినరోజు? గీకెయ్," అన్నాడు.

పల్చగా, వెడల్పుగా, ఆరనిచ్చి, రుద్దించి, మళ్ళీ మళ్ళీ పూయించాడు. రాలిన పొడికి పిల్ల జుట్టంతా తెల్లబడి నా ఈడుదైపోయింది. ఒక్కసారైనా బాగుందనలేదు మహానుభావుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అది మాత్రం పని వదల్లేదు.

రంగు ఆరాక తన పాత శిష్యుణ్ణి ఫోన్ చేసి పిలిచాడు. వాడిప్పుడు పెద్ద కాంట్రాక్టరు. ఈసారి మా ఆయన కుర్చీ లోపలే వేశాడు. వాడు కూర్చోకముందే తల పైకెత్తాడు. ఆ పనివాళ్ళకి అదో జబ్బు. ఫోన్ లైటు వెలిగించి పక్కనుంచి పట్టాడు. ఫ్యాను దగ్గర చిన్న ఉబ్బు తేలింది.

"ఇదెవరు చేశారు మేస్త్రీ?"

అలాంటి ఉబ్బు కనిపిస్తే మొత్తం గీకించి మళ్ళీ చేయించే మనిషి మా ఆయన.

"మా కోడలు," అన్నాడు. "మొదటిసారి చెయ్యి పెట్టింది. ఒరేయ్, నీ మొదటి సీలింగు సంగతి చెప్పమంటావా?"

వాడు లైటు ఆర్పేశాడు. కోడలు అప్పటికే నిచ్చెన మోసుకొస్తోంది.

"ఎక్కడ మామయ్యా? చూపించండి, ఇప్పుడే గీకేస్తాను."

"ఉండనీ అమ్మా," అన్నాడాయన. "అది కూడా లేకపోతే, ఎవరు చేశారని ఎవరడుగుతారు? మా కోడలు చేసిందని నేనెప్పుడు చెప్పుకోను?"