పహిల్వాన్ ఎక్కలేని తాడు

మొన్న నా మనవరాలు జిమ్ నుంచి మూతి ముడుచుకుని వచ్చింది. ఇనుప బరువులెత్తడంలో తనను మించినవాళ్లు లేరట. కానీ కడ్డీకి వేలాడి ఒళ్లు పైకి లాగమంటే మాత్రం పుల్లలాంటి స్నేహితురాలే గెలుస్తోందట. నెలనెలా పైసలు కట్టి తెలుసుకున్నది ఇదేనా అన్నాను. ఆ సంగతి నాకు నాందేడ్‌లో, మా బెల్లం దుకాణంలో, డెబ్భైల నాడే తెలిసింది. అదీ ఊరికే.

అప్పుడు నా కూతురు బడిలో తాడెక్కే ఆట నేర్చుకుంటోంది. పోటీ దగ్గరపడుతుంటే వాళ్ల నాన్న ఒకటే మాటన్నారు: "ఈపారి ఓడితే ఆట బంద్. సక్కగ అంగట్ల కూసోవాలె." పిల్ల ముఖం మాడిపోయింది. మా మరిది తాలీమ్‌లో కుస్తీ పట్టేవాడు, జొన్న బస్తాను పిల్లికూనలా భుజానికెత్తేవాడు. పిల్లను తయారుచేసే పెద్దరికమంతా తనే తీసుకున్నాడు. "వదినా, తాకత్ రావాలంటే ఖురాక్ వడాలె. పాలు, బాదం, నెయ్యి!"

నెయ్యి అనగానే డబ్బాను నా వెనక్కి జరుపుకున్నాను. ఆ డబ్బా మూత నేను తప్ప ఎవరూ తీయరు. అయినా పిల్ల కోసం తీశాను. రొట్టెలు నేతిలో మునిగాయి, పిల్ల బుగ్గలు నిండాయి, ఇరుగుపొరుగు మురిశారు. తాడు మాత్రం మురవలేదు. గోదాము దూలానికి కట్టిన తాడు మీద బల్లిలా పాకే పిల్ల ఇప్పుడు సగంలోనే చేతులు వణికి జారిపోయి, కింద కూర్చుని ఏడ్చేది.

"ఇంకింత నెయ్యి పొయ్యి వదినా," అన్నాడు మరిది.

దసరాకు కాంటాకు పూజ చేసి, పిల్లను ఒక తట్టలో కూర్చోబెట్టి బెల్లంతో తూచడం మా ఇంటి ఆనవాయితీ. నెయ్యి మొదలుకాక ముందే వచ్చిన ఆ ఏటి దసరా తూకం నాకు గుర్తుంది. అంతే బెల్లం మళ్లీ పెట్టి పిల్లను కూర్చోబెట్టాను. పిల్ల తట్ట నేలను తాకింది. ఇవతల పెద్ద బెల్లం ముద్ద ఒకటి వేస్తే గానీ ముల్లు నిలవలేదు.

"చూడు, పోరి ఈ ముద్దను నడుముకు కట్టుకోని ఎక్కుతున్నది. ఏదీ, నువ్వెక్కు!" అన్నాను.

మరిది మీసం దువ్వి తాడు పట్టాడు. దూలం కిర్రుమంది, మనిషి మాత్రం లేవలేదు.

"కాకా, బస్తా కన్న నువ్వే బరువున్నవ్!" ఏడ్చే పిల్ల ఫక్కున నవ్వింది.

"బస్తనైతే కాళ్లు, నడుము అన్నీ మోస్తయి. తాడు మీద నిన్ను నీ చేతులే మొయ్యాలె," అన్నాను. ఆ పూటే డబ్బా అటకెక్కింది. ఎప్పటి రొట్టె, ఎప్పటి పప్పు. కడుపు మాడ్చలేదు, కానీ చేతులు గట్టిపడాలని ఇంటి నీళ్లన్నీ బావిలోంచి పిల్లతోనే తోడించాను.

పోటీనాడు దానికన్నా కండగల పిల్లలు సగంలో ఆగి రొప్పుతుంటే, నా కూతురు చివరిదాకా పాకి పైనున్న అడ్డకర్రను చరిచింది. జనం "శాబాస్ పోరీ!" అని అరిచారు. మరిది దాన్ని భుజాన వేసుకుని బజారంతా తిప్పాడు. వాళ్ల నాన్న గల్లా దగ్గర కూర్చుంటూ, "నువ్వు ఆడుకో పో బిడ్డా, అంగట్ల నేనే కూసుంట," అన్నారు. నేను పైకి గారాబం ఎక్కువైందని కసిరాను గానీ, ఆ రాత్రి అటక మీది డబ్బా దింపి అందరికీ తలా ఒక చెంచా వడ్డించాను. ఒక్కటే.

ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే నన్ను నేనే మోసుకోవాలి. కాలం ఏటేటా నా తట్టలో ఒక ముద్ద వేస్తూనే ఉంది. నేనూ ఎవరి చేయీ పట్టకుండా లేస్తూనే ఉన్నాను.