లోపలి అంగుళం

మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. అందుకే అందరికీ ఆయన టేపు మాస్టారు. కొలతలు పుస్తకంలో రాసుకునే అలవాటు లేదు. మనిషికో కాగితపు నమూనా కత్తిరించి గోడ మేకుకి తగిలిస్తాడు. ఎవరు లావెక్కినా, చిక్కినా పాతది పారేయడు. అంచున ఎర్ర పెన్సిలుతో గీసి సరిచేస్తాడు. ఏది కుట్టినా లోపల అంగుళం గుడ్డ మడిచి వదులుతాడు. "మనిషి ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాడా?" అంటాడు.

అలాంటివాడు కరోనాకి మూడో టీకా అనేసరికి అడ్డం తిరిగాడు.

అంతకు ముందు చలికాలం నిమోనియాతో పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మరోసారి ఊపిరితిత్తులకు వస్తే తట్టుకోలేడని మాస్టారి భార్యను డాక్టరు పక్కకు పిలిచి చెప్పాడు. అప్పటినుంచి ఆయన దగ్గితే చాలు, వంటింట్లో ఆమె చేతిలో గరిటె ఆగిపోయేది.

"రెండు వేయించుకున్నాగా! ఇప్పుడొచ్చింది కొత్త రకమట. పాతదానికి చేసిన మందు దీనికేం పనిచేస్తుంది? ఒకరి కొలతలతో ఇంకొకరికి కుట్టినట్టు!" అనేవాడు మాస్టారు.

ల్యాబులో పనిచేసే మేనకోడలు ఆదివారం వచ్చి, గుడ్డలు కత్తిరించే బల్లెక్కి కూర్చుంది.

"ముప్పై ఏళ్ళుగా సూదితో బతుకుతూ సూదికి భయపడతావేం మామయ్యా?"

"భయమెవరికే? బల్ల దిగు, సుద్ద గీతలు చెరిగిపోతాయి."

ఆమె దిగలేదు. గోడకేసి చూపించింది. "టీకా కూడా ఇలాంటి నమూనానే. వైరస్ మీదుండే ముల్లు ఎలా ఉంటుందో ఒంటికి చూపిస్తుంది. అది చూసి ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అసలుది వచ్చినప్పుడు అవి ముల్లుకి అతుక్కుని, మన కణాలను పట్టుకోనివ్వవు. కొన్నాళ్ళకు అవి తగ్గినా, నమూనా గుర్తున్న కణాలు లోపల మిగులుతాయి."

"ముల్లు మారిందంటున్నారుగా?"

"కొన్నిచోట్లే. కొన్ని యాంటీబాడీలు జారిపోతాయి, కొన్ని ఇంకా పట్టుకుంటాయి. మూడోది వేస్తే వాటి సంఖ్య పెరుగుతుంది, మారినదాన్ని పట్టేవీ ఎక్కువవుతాయి. అసలు సోకదని చెప్పను. ఊపిరితిత్తులదాకా పోకుండా ఆగే అవకాశం మాత్రం బాగా ఎక్కువ. హెడ్మాస్టరుగారి పొట్ట పెరిగిందని ఆయన నమూనా చింపేశావా?"

మాస్టారు చెవి మీది ఎర్ర పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అచ్చం మా అక్క నోరే!"

"నేను చెబితే చెవికెక్కదు. బాగా చెప్పవే తల్లీ," అంది గుమ్మంలోంచి భార్య.

మర్నాడే వెళ్ళాడు. సూది వేస్తుంటే అటు చూడలేక నర్సమ్మ భుజాలకేసి చూశాడు. ఎవరిదో పెద్ద కోటు, చేతులు రెండు మడతలు పెట్టుకుంది. ఆ కాస్తసేపట్లోనే ఆయన కన్ను ఆమెను కొలిచేసింది.

మూడు నెలలకు జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనాయేనని తేలింది. భార్య పూటపూటా ఆయన వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి, అంకె కనపడేదాకా ఊపిరి బిగబట్టేది. ఒక్కసారీ తొంభై ఆరు కంటే కిందికి దిగలేదు. నాలుగో రోజు జ్వరం జారింది. ఐదో రోజు "ఆకలేస్తోందే" అన్నాడు. గరిటె చేతిలో ఉండగానే ఆమె ఏడ్చేసింది.

తేరుకుని మిషన్ ముందు కూర్చున్న రోజు, ఛాతీ మీద చెయ్యేసుకుని నిండా ఊపిరి తీశాడు. ఎక్కడా పట్టెయ్యలేదు.

"ఎవరో ఎక్కడో కూర్చుని, నా ముఖమైనా చూడకుండా నాకోసం నమూనా గీశారే," అన్నాడు భార్యతో. "వాళ్ళెవరో నాకు తెలీదు. నర్సమ్మ తెలుసు."

తెల్ల కోటు కుట్టి పట్టుకెళ్ళాడు. "నా కొలతలు మీకెవరిచ్చారండీ?" అని నవ్వుతూ ఆమె తొడుక్కుంది. భుజాలు అతికినట్టు కుదిరాయి. నడుము దగ్గర మాత్రం బొత్తాలు అందలేదు.

"ఐదో నెలండీ," అంది సిగ్గుపడుతూ.

మాస్టారు ముఖం విప్పారింది. కోటు అడిగి తీసుకుని, అక్కడే బెంచీ మీద కూర్చుని, జేబులోని చిన్న కత్తెరతో పక్క కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం ఫర్వాలేదమ్మా. లోపల అంగుళం వదిలాను."